మా పాప చదివి సరేనన్నాకే పెడుతున్నా

అందరికీ నమస్కారం. బెంగళూరు మారతహళ్ళిలో కర్రీ పాయింట్ నడుపుతాను, మాది కదిరి దగ్గర. ఏప్రిల్ నుంచి సాయంత్రాలు షాపు ఎందుకు మూస్తున్నావని పీజీ పిల్లలు అడిగితే ఊర్లో పొలం తగాదా అని చెప్పా. అబద్ధం. మా పాప బాగాలేదు. తొమ్మిదో తరగతి. తనను తాను గాయపరుచుకుంటోంది. ఆ సంగతి మాకు ఎన్నాళ్ళో తెలీదు.

ముందుగా మొక్కాల్సింది వాళ్ళ క్లాస్ టీచరమ్మకు. మండుటెండల్లో నిండు చేతుల డ్రెస్సు వేసుకొస్తోందని, ఆటలకు రావట్లేదని ఆమె కనిపెట్టింది. నలుగురిలో అడగలేదు, నాకు ఫోన్ చేసింది. "ఇంటికి పోగానే తిట్టకండి సార్, ఈరోజు ఏమీ అడక్కండి" అంది. నేను ఆ మాట వినలేదు. ఇంటికొచ్చి అరిచా. "నీకేం తక్కువ చేశాం?" అన్నా, ఫోన్ లాక్కున్నా, బాత్రూమ్ గొళ్ళెం ఊడబీకా. పాప రెండ్రోజులు నోరు విప్పలేదు, అన్నం ముట్టలేదు.

మా దగ్గర్లోని ఒక క్లినిక్‌కు తీసుకుపోతే, పోలీసు కేసవుతుంది, మాకొద్దు అన్నారు. భయపడి తిరిగొచ్చాం. ఇప్పుడు తెలిసింది కాబట్టి చెబుతున్నా, అలాంటి కేసేమీ లేదు. చావబోయిన మనిషిని కూడా తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలి, శిక్షించకూడదు అని 2017 మానసిక ఆరోగ్య చట్టమే చెబుతోంది. చావబోవడాన్ని నేరమన్న పాత 309 సెక్షన్, 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేనే లేదు. మా పాప చేసింది అసలు ఆ కోవలోకే రాదు.

ఆ రాత్రి పదకొండున్నరకు 14416కు చేశా. టెలీ మానస్ అని మనసు బాగాలేనోళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం, 2022 అక్టోబరులో మొదలైంది. పైసా ఖర్చు లేదు, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది. తెలుగు ఎంచుకుంటే తెలుగులోనే మాట్లాడారు. అవతల ఎవరో అమ్మాయి, పేరు తెలీదు. నేను ఏడుస్తుంటే ఆపమనలేదు. ఏడుపు తగ్గాక, "అన్నా, పాప ఇప్పుడు ఏ గదిలో ఉంది? మీరు తలుపు బయట కూర్చోగలరా?" అని అడిగింది. కూర్చున్నా. తెల్లారి హోసూర్ రోడ్డులోని మానసిక వైద్యశాల నిమ్హాన్స్‌కు పొమ్మంది, పిల్లలకు వేరే విభాగం ఉందని చెప్పింది. ఆ అమ్మాయి ఇది చదివితే బాగుండు.

అక్కడి సైకాలజిస్టు మేడమ్ దగ్గర మొదటిరోజే నోరు జారా. "అందరూ చూడాలని నాటకమాడుతోందేమో మేడమ్" అన్నా. "నాటకమైతే ఇంత ఎండల్లో చేతులు దాచుకుంటుందా?" అంది. తల దించుకున్నా. తర్వాత ఆమె విడమర్చి చెప్పింది. లోపలి బాధ తట్టుకోలేక, కాసేపైనా అది ఆగితే చాలని చేస్తారట. ఆ కాసేపటి ఊరటే మళ్ళీ మళ్ళీ అటు లాగుతుందట. ఎక్కువమందికి పన్నెండు, పద్నాలుగేళ్ళ మధ్యే మొదలవుతుందట. చాలాసార్లు చావాలని కాదు, అయితే ముందుముందు ఆ ప్రమాదమూ పెరుగుతుంది కాబట్టి తేలిగ్గా తీసుకోవద్దంది. "చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు" అంది. బిడ్డను ఆ మాట అడగడానికి నాకు మూడు రోజులు పట్టింది.

మందుల డబ్బాతో సహా ప్రమాదమైనవన్నీ షాపుకు తరలించమంది. వంటోడి ఇల్లు కదా, సంచి నిండింది. మూణ్ణెల్లు మా ఇంట్లోకి కూరగాయలు షాపులో తరిగినవే డబ్బాల్లో వచ్చేవి.

పాపకు నేర్పుతున్న మాటల వైద్యాన్ని డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) అంటారు. గాయపరుచుకోవాలనే తట్టుకోలేని ఊపు అలలాగా లేస్తుంది, విరుగుతుంది, అది విరిగేదాకా ముఖం మీద చన్నీళ్ళు కొట్టుకోవడమో, మేడ మీద నడవడమో ఏదో ఒకటి చెయ్యాలి. ఆ పద్ధతిని తయారుచేసిన మార్షా లినెహన్ అమెరికాలో పెద్ద సైకాలజిస్టు. చిన్నప్పుడు తానూ ఇలాగే గాయపరుచుకునేదాన్నని 2011లో ఆమే బయటికి చెప్పింది. ఇది విని మా పాప వారాల తర్వాత తనంతట తాను ఒక ప్రశ్న వేసింది. "ఆమెకిప్పుడెన్నేళ్ళు?" 1943లో పుట్టిందంటే వేళ్ళ మీద లెక్కేసుకుని, "అబ్బో, ముసలామె అయిందే" అంది. నేను లేచి బయటికెళ్ళి ఆటోస్టాండ్ దాకా నడిచొచ్చా.

మా అత్త కదిరి నుంచి వచ్చి మొదట దిష్టి తీసింది. తియ్యనీ అనుకున్నాం. ఏమైంది, ఎందుకు అని మాత్రం ఒక్కసారీ అడగలేదు. రోజూ సాయంత్రం మెట్ల మీద కూర్చోబెట్టుకుని, తలకు నూనె పెట్టి, చిక్కులు తీసి జడ వేసేది. గంటసేపు. మాతో చెప్పని మాటలు పాప ఆమెతో చెప్పింది, దువ్వెన వెనకనుంచి, ముఖం చూడక్కర్లేకుండా. అత్తా, నీ రుణం తీరదు.

అంతా బాగైపోయిందని అనను. మధ్యలో రెండుసార్లు మళ్ళీ జరిగింది. రెండోసారి రాత్రి తనే వచ్చి నన్ను లేపి చెప్పింది. మేడమ్ లెక్కలో అది వెనకడుగు కాదట. నాకూ అట్లే అనిపించింది.

బంధువుల్లో "బయటికి చెప్పొద్దు, రేపు పెళ్ళి కావాలి" అన్నవాళ్ళున్నారు. వాళ్ళకు జవాబివ్వడం నా పని కాదు. ఇది రాయొచ్చా అని పాపనే అడిగా. చదివి, మార్కుల ముచ్చట కొట్టేసింది. పేరు వద్దంది. "నువ్వు అరిచింది మాత్రం ఉంచు నాయనా" అంది. ఉంచా.

సోమవారం నుంచి సాయంత్రం షాపు తెరుస్తున్నా, ఏడు నుంచి పది. గోంగూర బుధవారం ఉంటుంది.