బుజ్జికి, సోమవారం తూకం గురించి

బుజ్జీ,

నువ్వు పంపిన రెండు వారాల తూకాలు ఒక కాగితం మీద రాసుకుని కూర్చున్నాను. సోమవారం పొద్దున్నే నువ్వు పెట్టిన మెసేజ్ కూడా పక్కనే ఉంది: "ఆరు వారాలు నోరు కట్టుకున్నా. 72.1. ఇక నా వల్ల కాదమ్మా." ఫోన్లో చెబితే సగం వింటావు, సగం క్యాబ్ హారన్లలో పోతుంది. అందుకే ఉత్తరం. నిండా అంకెలే ఉంటాయి, ఓపిగ్గా చదువు తల్లీ.

ముందు ఆ కాగితం సంగతి. కిందటి వారం సోమవారం నుంచి ఆదివారం దాకా 72.0, 71.9, 71.8, 71.6, 71.5, 71.4, 71.3. ఈ వారం 72.1, 71.6, 71.2, 71.0, 70.9, 71.1, 71.2. నువ్వు రెండు సోమవారాలను పక్కపక్కన పెట్టుకుని వంద గ్రాములు పెరిగానని కుంగిపోయావు. ఏ వారానికి ఆ వారం ఏడు అంకెలూ కూడి ఏడుతో భాగించి చూడు. కిందటి వారం సగటు 71.64, ఈ వారం 71.3. అంటే 340 గ్రాములు తగ్గావు. ఇక నా వల్ల కాదన్న వారంలోనే తగ్గావు. మానేస్తానని చెప్పి కూడా రోజూ తూకం రాస్తూనే ఉన్నావు చూడు, ఆ రాయడం వల్లే ఇది తెలిసింది.

మరి ఆదివారం 71.3 ఉన్నదానివి తెల్లారేసరికి 72.1 ఎలా అయ్యావు? కిలో కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు. 800 గ్రాముల కొవ్వు చేరాలంటే ఆ రోజు ఖర్చయినదాని కంటే ఆరు వేల కేలరీలకు పైగా ఎక్కువ తినాలి. ఎంత బిర్యానీ తిన్నా అది ఒక్క రోజులో అయ్యే పని కాదు. పెరిగింది నీళ్ళు, ఇంకా అరగని తిండి బరువు. అన్నం, పరోటా, తీపి దండిగా తిన్న రోజున శరీరం ఆ పిండిపదార్థాన్ని గ్లైకోజెన్‌గా మార్చి కండరాల్లో, కాలేయంలో దాస్తుంది. దాచిన ప్రతి గ్రాముతోపాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. బయటి తిండిలోని ఉప్పు ఇంకాస్త నీరు ఆపుతుంది. బుధ, గురువారాలకల్లా అదంతా దానంతటదే దిగిపోయింది, నీ అంకెల్లోనే ఉంది.

ఇదే లెక్క మొదటి వారంలో తిరగబడి పనిచేసింది. 74 నుంచి 72.7కి పడినప్పుడు ఎంత సంబరపడ్డావో గుర్తుందా? అందులో ఎక్కువ భాగం ఆ దాచుకున్న నీళ్ళే. ఆ వేగమే రోజూ ఉంటుందని మనసు లెక్క వేసుకుంది, అది రాకపోయేసరికి తర్వాతి వారాలు చప్పగా తోచాయి. చాలామంది కొన్ని వారాలకే వదిలేయడానికి ఇదీ ఒక కారణం. దాన్ని ఆరంభశూరత్వం అని పేరు పెట్టి తిట్టుకుంటారు, కానీ అక్కడ తప్పింది కొలత.

కాబట్టి తూకం పద్ధతి ఇలా పెట్టుకో. పొద్దున లేచి బాత్రూమ్‌కి వెళ్ళొచ్చాక, మంచినీళ్ళు కూడా తాగకముందు, రోజూ ఒకే రకం బట్టల్లో చూసుకో. మెషీన్ గట్టి నేల మీద ఉండాలి, మంచం పక్కన పరిచిన మ్యాట్ మీద పెడితే తప్పు చూపిస్తుంది. అంకె రాసేసి దిగిపో, ఆ రోజుకు దాని మీద ఆలోచన వద్దు. ఆదివారం సగటు తీయి. పీరియడ్స్‌కు ముందు కొన్ని రోజులు అర కిలో నుంచి రెండు కిలోల దాకా నీరు చేరవచ్చు. అందుకని ఆ వారాన్ని పక్క వారంతో కాకుండా కిందటి నెల అదే వారంతో పోల్చు. కొత్త వ్యాయామం మొదలుపెట్టిన వారంలో కూడా కండరాలు నొప్పితో కాస్త నీరు పట్టి ఉంచుతాయి. అప్పుడూ అంకె కదలదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నువ్వు నోరు కట్టుకోవడం నాకు నచ్చలేదు. పొద్దున కాఫీ, మధ్యాహ్నం రెండు చపాతీలు, కాస్త కూర, సాయంత్రం టీ, రెండు బిస్కెట్లు, రాత్రి ఒక ప్లేటు పళ్ళు అన్నావు. కాస్త అటూ ఇటూగా వెయ్యి కేలరీలు. నీ ఎత్తు 160, నీ వయసు, కూర్చుని చేసే ఉద్యోగం కలిపి లెక్కేస్తే రోజుకు దగ్గర దగ్గర 2,000 ఖర్చవుతాయి. ఐదు రోజులు వెయ్యేసి తగ్గించావు, మొత్తం 5,000. శని, ఆదివారాలు బిర్యానీ, ఐస్‌క్రీమ్, అర్ధరాత్రి చిప్స్, రోజుకు 3,200 అనుకో. 1,200 చొప్పున 2,400 వెనక్కి వచ్చేశాయి. మిగిలింది 2,600. దాన్ని 7,700తో భాగిస్తే కిలోలో మూడో వంతు, సరిగ్గా నీ 340 గ్రాములు. అదే నువ్వు ఏడు రోజులూ 1,600 చొప్పున కడుపునిండా తిన్నా ఇంతే తగ్గేదానివి. ఆకలి, విసుగు, శనివారం రాత్రి తిన్నాక వచ్చే ఆ ఏడుపు, ఇవేవీ లేకుండా.

శనివారం నీకు మనసు నిలవకపోవడానికి కారణం సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉన్న ఆకలి. రెండో ప్రపంచయుద్ధం చివరి రోజుల్లో, 1944–45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు 24 వారాలు సగం తిండి పెట్టి చూశాడు. సగం అంటే రోజుకు దాదాపు 1,570 కేలరీలు. వాళ్ళకు పనుల మీద ఆసక్తి పోయింది, చిరాకు పెరిగింది, ఎప్పుడూ చలి, ఎప్పుడూ తిండి ధ్యాస. వంటల పుస్తకాలు ముందేసుకుని చదువుకునేవాళ్ళు. వాళ్ళు మగవాళ్ళు, వారానికి 22 మైళ్ళు నడిపించేవారు, వాళ్ళ అవసరం నీకంటే ఎక్కువే, నిజం. కానీ సగం తిండితో ఉన్న మనిషి మనసు ఎలా తయారవుతుందో అక్కడ స్పష్టంగా కనబడింది. నువ్వు రాత్రి పదకొండింటికి రీల్స్‌లో వంటల వీడియోలు చూస్తున్నానన్నావే, అది అదే.

అందుకని రేపటి నుంచి పొద్దున టిఫిన్ తినాలి. హాస్టల్లో ఇడ్లీ అయితే రెండు ఇడ్లీలు, సాంబారు, దాంతో రెండు ఉడికించిన గుడ్లు. పూరీ వేసిన రోజున ఆఫీసు క్యాంటీన్‌లో తిను. మధ్యాహ్నం ఒక కప్పు అన్నం, అంటే 150 గ్రాములు, సుమారు 200 కేలరీలు. అన్నం మానాల్సిన పని లేదు. కానీ ఆ కప్పు అన్నానికి ఒక కప్పు ముద్దపప్పో గట్టి పప్పో, ఒక కప్పు కూర, ఒక కప్పు పెరుగు ఉండాలి. పప్పు గిన్నెలో గరిటె అడుగుదాకా ముంచి వేసుకో, పైన తేరిన నీళ్ళలో ప్రోటీన్ పెద్దగా ఉండదు. సాయంత్రం ఐదింటికి గుప్పెడు వేయించిన శెనగలు. రాత్రి రెండు చపాతీలు, పనీరో గుడ్డు కూరో మీల్‌మేకరో. ప్రోటీన్ ఎంత కావాలి అంటావు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేది కిలో బరువుకు 0.83 గ్రాములు, నీకు 59 అవుతుంది. బరువు తగ్గే రోజుల్లో 70 దాకా పోతే కండ కరగడం తగ్గుతుంది, ఆకలీ ఆగుతుంది. గుడ్డుకు ఆరు గ్రాములు, 30 గ్రాముల శెనగలకు ఆరు, 50 గ్రాముల పనీరుకు తొమ్మిది, 30 గ్రాముల ఎండు మీల్‌మేకర్‌కు పదిహేను. వారం రోజులు కూడుకుంటే చాలు, తర్వాత కంటికి అదే తెలుస్తుంది.

తెలియకుండా లోపలికి పోయేది నూనె. ఒక టేబుల్ స్పూను నూనె 120 కేలరీలు. నీ బరువుకు అరగంట మామూలు వేగంతో నడిస్తే ఖర్చయ్యేది కూడా అంతే. హాస్టల్ కూర మీద తేలే నూనెను గిన్నె వంచి పక్కకు తీసేస్తే అరగంట నడకంత మిగిలినట్టు. నడక వద్దని కాదు, నడిచాను కదా అని బజ్జీల బండి దగ్గర ఆగకూడదని.

నడక సంగతి. రోజుకు పదివేల అడుగులు పూర్తి కావట్లేదని దిగులు పడకు. ఆ పదివేలు 1965 ప్రాంతంలో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే ఒక పెడోమీటర్ అమ్మడానికి పెట్టిన పేరులోంచి వచ్చిన అంకె. ప్రపంచ ఆరోగ్య సంస్థ అడిగేది వారానికి కనీసం 150 నిమిషాలు కాస్త ఆయాసం వచ్చే నడక, రెండు రోజులు కండరాలకు పని. నువ్వు మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, వేగం అంతే.

ఎప్పుడు నడవాలో కూడా ఇప్పుడే తేల్చుకో. "వీలైనప్పుడు" అంటే ఎప్పటికీ కాదు. క్యాబ్ దిగగానే, గదికి ఎక్కకముందు, హాస్టల్ వీధిలో పది నిమిషాలు అటు, పది నిమిషాలు ఇటు. బ్యాగు వాచ్‌మన్ గదిలో పెట్టు. గదికెళ్ళి మంచం మీద వాలి ఫోన్ తీశావంటే ఇక లేవవు, ఎవరూ లేవరు. వాన పడితే మెట్లు, నాలుగు అంతస్తులు మూడుసార్లు. షిఫ్టు ఆలస్యమై రాత్రి పదకొండు దాటితే బయట నడవద్దు, గదిలోనే కుర్చీ వ్యాయామం ఒక్క రౌండు చేసి పడుకో. ఈ మూడూ ఒక కాగితం మీద రాసి తలుపు వెనక అంటించు. ఆ వేళకి అలసిపోయిన బుర్ర నిర్ణయాలు చేయలేదు, ముందే చేసి పెట్టినది చదువుకోగలదు.

ఆ రౌండు ఏమిటంటే: గోడకు ఆనించిన కుర్చీలో చేతులు పెట్టకుండా కూర్చుని లేవడం పది, గోడకు చేతులానించి పుషప్‌లు పది, వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి నడుము పైకెత్తడం పన్నెండు, ల్యాప్‌టాప్ బ్యాగులో రెండు లీటరు సీసాలు పెట్టి ముందుకు వంగి ఒక్కో చేత్తో పది లాగుళ్ళు. వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు విరామంతో, మూడు రౌండ్లు. ఇరవై నిమిషాలు చాలు. కుర్చీలోంచి లేచేటప్పుడు మోకాళ్ళు లోపలికి వాలకుండా చూసుకో, పాదం వేళ్ళు చూసే వైపే మోకాలూ చూడాలి. మొదటి రోజు ఉత్సాహంలో యాభై చేయకు. నొప్పి బాగా తెలిసేది రెండు మూడు రోజుల్లో, మెట్లు దిగలేక వారమంతా మానేస్తావు. వారానికి ఒక్కోదానికి రెండేసి పెంచు. నోటుబుక్కులో రాయి. బరువు కదలని వారంలో కూడా ఈ అంకెలు పైకి పోతూ ఉంటాయి, మనసు పట్టుకోవాల్సింది వీటినే. బరువు నీ చేతిలో లేదు తల్లీ, కుర్చీలోంచి పన్నెండోసారి లేవడం నీ చేతిలో ఉంది.

ఒక రోజు తప్పితే? తప్పుతుంది. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఒక కొత్త అలవాటు ఆలోచించకుండా జరిగే స్థితికి రావడానికి మనుషులను బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా పడుతుందని అంచనా వేశారు, మధ్యస్థంగా 66 రోజులు. మధ్యలో ఒక్క రోజు తప్పినందువల్ల పెద్ద తేడా రాలేదు. నీకు ఇంకా యాభై రోజులు కూడా కాలేదు. చెడ్డ రోజు తర్వాతి పూట మామూలుగా తిను, అంతే. ఉపవాసంతో పరిహారం చేయకు, ఆ పరిహారమే మళ్ళీ శనివారాన్ని తెస్తుంది. నిద్ర ఆరు గంటల కన్నా తగ్గనీయకు, ఏడు అయితే మంచిది. నిద్ర చాలని మర్నాడు ఆకలి ఎక్కువ, అదీ తీపి మీదకే పోతుంది.

లక్ష్యం యాభై ఎనిమిది అని అద్దం మీద రాసుకున్నావట, తుడిచెయ్. మొదటి గమ్యం మొదలుపెట్టిన బరువులో ఐదు శాతం, అంటే 3.7 కిలోలు. 70.3కి వచ్చేసరికే షుగర్, బీపీ వచ్చే ప్రమాదం తగ్గడం మొదలవుతుంది. ఇంక ఒక్క కిలో ఉంది. అక్కడికి చేరాక రెండు వారాలు తగ్గించే ప్రయత్నం ఆపి ఆ బరువు నిలుపుకోవడం నేర్చుకో. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడూ అంతే, ఆ మూడు రోజులూ తగ్గనక్కర్లేదు, నిలబడితే చాలు. అరిసె తిను. నేను కొసరి కొసరి వడ్డించను, నాన్నకీ చెప్పాను. అత్తయ్య "ఇంకా తగ్గలేదేమే" అన్నా, పిన్ని "చిక్కి శల్యమయ్యావు" అన్నా నీ నోటుబుక్కులో రాయాల్సింది ఏమీ ఉండదు.

ఒక పని మాత్రం వాయిదా వేయొద్దు. పీరియడ్స్ ఆలస్యం అవుతున్నాయన్నావు, జుట్టు రాలుతోందన్నావు. తక్కువ తినడం వల్ల కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, పీసీఓఎస్ అనే హార్మోన్ల తేడా కావచ్చు, ఊహించడం వద్దు. ఈ శనివారం డాక్టర్‌ను కలిసి అడుగు, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్, మూడు నెలల షుగర్ పరీక్ష చేయిస్తారేమో. ఇన్‌స్టాగ్రామ్‌లో చూపించిన ఆ కొవ్వు కరిగించే పొడి కొనకు. నడుస్తుంటే ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే అక్కడే ఆగి ఫోన్ చెయ్.

రేపటి బస్సు పార్సిల్లో అర కిలో వేయించిన శెనగలు, టైలర్ టేపు పంపుతున్నాను. శెనగలు ఉప్పు లేనివి. టేపును ఆఖరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యలో చుట్టి, ఊపిరి మామూలుగా వదిలాక చూడు, పొట్ట లోపలికి బిగించకు. పదిహేను రోజులకోసారి చాలు. మన ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్ల లోపు ఉండాలి, నీది ఇప్పుడు ఎంతున్నా ఫరవాలేదు, మొదటి అంకె రాసిపెట్టు. ఆదివారం రాత్రి నాకు రెండే పంపు: వారం సగటు, ఎన్ని రోజులు నడిచావో. సోమవారం తూకం నాకు పంపనక్కర్లేదు.

అమ్మ