కింగ్స్ మౌంటెన్‌లో ఇరువైపులా అమెరికన్లే

సంపాదకులకు నమస్కారం.

అమెరికా స్వాతంత్ర్య యుద్ధాన్ని కేవలం బ్రిటిష్ సైన్యంపై వలసవాసుల పోరాటంగా చూడటం సరికాదు. 1780 అక్టోబరు 7న దక్షిణ కరోలినాలోని కింగ్స్ మౌంటెన్ వద్ద జరిగిన పోరులో బ్రిటిష్ రాజు పక్షాన పోరాడిన సుమారు వెయ్యిమందిలో, సేనాని ప్యాట్రిక్ ఫెర్గూసన్ తప్ప దాదాపు అందరూ అక్కడి వలసవాసులే.

వారందరినీ ద్రోహులనడం అన్యాయం. ముఖ్యంగా, తిరుగుబాటుదారుల బానిసలు రాజు కోసం ఆయుధం పడితే విముక్తి కల్పిస్తానని 1775 నవంబరులో వర్జీనియా బ్రిటిష్ గవర్నర్ డన్మోర్ ప్రకటించినప్పుడు, వందలాది నల్లజాతీయులు ఆయన దళంలో చేరారు. స్వేచ్ఛను చాటిన నాయకుల్లో పలువురు బానిసల యజమానులే అయినచోట వారికి వేరే దారి ఏముంది? యుద్ధంలో బ్రిటన్ ఓడిపోయాక, 1783లో న్యూయార్క్ నుంచి రాజు పక్షాన చేరిన దాదాపు 3,000 మంది నల్లజాతీయులు నేటి కెనడాలోని నోవాస్కోషియాకు తరలిపోయారు. అక్కడ భూమి సరిగా దక్కక, 1792లో సుమారు 1,200 మంది పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌కు ఓడలెక్కారు. వీరి చరిత్రపై సమగ్ర వ్యాసం ప్రచురించవలసిందిగా మనవి.

– ఒక చరిత్ర అధ్యాపకుడు, విజయవాడ