ఇంటర్‌తో సమానమని నమ్మించి అమ్మిన డిప్లొమా: ఫీజు వాపసు కోరుతూ ఫిర్యాదు

కావలి,
నెల్లూరు జిల్లా.

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

అయ్యా,

మా అమ్మాయికి పదహారేళ్లు. ఏడో తరగతి తర్వాత బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నాం. మా ఆయన రొయ్యల హేచరీలో పని చేస్తారు. ఆ ట్యాంకుల దగ్గరే పెరిగిన పిల్ల, ముత్తుకూరు ఫిషరీ సైన్స్ కాలేజీలో బీఎఫ్‌ఎస్సీ చదవాలని పట్టుదలగా ఉంది. ఈ సంగతి మీ కౌన్సెలర్‌కు మొదటి ఫోన్‌లోనే చెప్పాను. "మా అమెరికన్ డిప్లొమా ఇంటర్‌తో సమానం మేడమ్, పదో తరగతి కూడా అక్కర్లేదు, ఇండియాలో ఏ కాలేజీలో అయినా చేరొచ్చు" అన్నారు. వాట్సాప్‌లోనూ అదే రాసి పంపారు. ఆ మాట మీద 62,000 రూపాయలు కట్టాం.

ముత్తుకూరులో సీటు రావాలంటే ఈఏపీసెట్ ప్రవేశ పరీక్ష రాయాలి. దానికి ఇంటర్ బైపీసీ గానీ, దానికి సమానంగా గుర్తింపు ఉన్న చదువు గానీ ఉండాలి. మీ కోర్సులో బయాలజీ ఉన్నది ఒక్క క్రెడిట్. ప్రాక్టికల్స్ అసలు లేవు. విదేశీ బోర్డులో చదివి వచ్చిన పిల్లలను ఇక్కడి కాలేజీలు, ఆ చదువు ఇంటర్‌తో సమానమని చెప్పే సర్టిఫికెట్ అడుగుతాయి. మీ డిప్లొమా మీద ఆ సర్టిఫికెట్ వచ్చిన విద్యార్థి ఒక్కరినైనా చూపించమని అడిగాను. జవాబు లేదు. ఇక పదో తరగతి అక్కర్లేదనడం ఎంత అన్యాయం! మన దగ్గర పుట్టినతేదీ రుజువుకు ఎక్కడికి వెళ్లినా మొదట అడిగేది ఆ సర్టిఫికెట్‌నే.

మీ బ్రోచర్‌లో "అమెరికా విద్యాశాఖ అక్రిడిటేషన్ పొందిన స్కూల్" అని ఉంది. అమెరికా కేంద్ర విద్యాశాఖ స్కూళ్లకు అక్రిడిటేషన్, అంటే ప్రమాణాలు సరిగా ఉన్నాయన్న గుర్తింపు, ఇవ్వదు. ఆ పని కాగ్నియా లాంటి ప్రైవేటు సంస్థలు చేస్తాయి. కాగ్నియా జాబితాలో వెతికితే మీ స్కూల్ పేరు కనపడలేదు. మీకు అక్రిడిటేషన్ ఇచ్చిందెవరో చెప్పమంటే మళ్లీ అదే బ్రోచర్ పంపారు.

నన్ను అన్నిటికంటే బాధపెట్టింది ఇంకో మాట. ఓపెన్ స్కూల్ సంగతి ఎత్తగానే మీ కౌన్సెలర్ "అది ఫెయిలైనవాళ్లకు మేడమ్, మీ అమ్మాయి లాంటి తెలివైన పిల్లకు కాదు" అన్నారు. మా వీధిలో రొయ్యల ఫ్యాక్టరీలో పనికి పోతూ ఏపీ ఓపెన్ స్కూల్‌లో ఇంటర్ పాసైన అమ్మాయి ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. జాతీయ ఓపెన్ స్కూల్ అయిన ఎన్‌ఐఓఎస్‌లో పద్నాలుగేళ్లు నిండితే పదో తరగతికి చేరొచ్చు, ఒకసారి చేరితే ఐదేళ్లలో తొమ్మిదిసార్లు పరీక్ష రాసే అవకాశం ఉంటుంది. ఇంట్లో చదివే పిల్లలకు ఇంత మంచి దారి ఉంటే, మీ కోర్సు అమ్ముకోవడానికి దాన్ని తక్కువ చేసి మాట్లాడారు. అమెరికాలో కాలేజీకి వెళ్లాలనుకునే పిల్లలకు అక్కడి డిప్లొమా ఉపయోగపడొచ్చు, అదీ అక్రిడిటేషన్ సరైనదైతే. మా అమ్మాయి వెళ్లాలనుకున్నది ముత్తుకూరుకు అని మీకు తెలుసు.

ఈ గొడవలో ఓపెన్ స్కూల్ అడ్మిషన్ గడువు దాటిపోయింది. పిల్ల ఒక ఏడాది వెనకబడింది, ఇంట్లో అందరికీ టెన్షన్. ఆ ఏడాదిని మీరు ఎలాగూ తిరిగి ఇవ్వలేరు. అడ్మిషన్ రద్దు చేసి 62,000 రూపాయలూ పూర్తిగా వాపసు ఇవ్వండి. "మెటీరియల్ డౌన్‌లోడ్ చేశారు కాబట్టి రీఫండ్ లేదు" అన్న జవాబును నేను ఒప్పుకోను, ఎందుకంటే అబద్ధం చెప్పింది డౌన్‌లోడ్‌కు ముందే. ఇంటర్‌తో సమానం అన్న మాటను, విద్యాశాఖ పేరును బ్రోచర్ నుంచి తీసేయండి. మాలాగా ఇంకెందరు తల్లిదండ్రులు అది చదివి డబ్బు కడుతున్నారో!

ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. ఫీజు రసీదు, వాట్సాప్ మెసేజీలు, బ్రోచర్ కాపీలు దీనికి జతచేశాను.

ఇట్లు,
విద్యార్థిని తల్లి