స్కాన్ కంటే ముందు ఫార్మలిన్ సీసా చూడు

అమలాపురం

అమ్మలూ,

రాజోలు అత్తయ్య రొమ్ములో గడ్డకి, ముక్క తీసి పరీక్షించే బయాప్సీ లేకుండా, కణాల్లో ఈస్ట్రోజన్ హార్మోన్ని పట్టుకునే రిసెప్టార్లని చూపించే ఎఫ్‌ఈఎస్ పెట్ స్కాన్‌తో సరిపెట్టలేమా అని అడిగావు. కుదరదమ్మా. గడ్డ రెండు సెంటీమీటర్ల లోపే ఉంది, చంకలో బిళ్ళలేవీ తగల్లేదు. ఈ దశలో మందు ఏదో తేల్చేది సూదితో తీసిన ముక్కే.

ఆ స్కాన్‌కి ఈస్ట్రడయాల్‌ని రేడియోధార్మిక ఫ్లోరిన్-18తో కలిపి నరంలోకి ఎక్కిస్తారు. రిసెప్టార్లున్న కణాలు దాన్ని పట్టుకుంటాయి. సుమారు 80 నిమిషాలకి బొమ్మ తీస్తారు. 2020లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది తిరగబెట్టిన క్యాన్సర్‌కీ, వేరే అవయవాలకి పాకినదానికీ. అదీ బయాప్సీకి తోడుగానే. మందు ఎంచుకోడానికి చూసే హెర్2 అనే ప్రొటీన్ అందులో తెలియదు, ప్రొజెస్టరాన్ అనే ఇంకో హార్మోన్ రిసెప్టార్ తెలియదు. మరీ చిన్న గడ్డలు మసకగా పడతాయి. లివర్ ఎలాగూ వెలుగుతుంది కాబట్టి అక్కడి మచ్చలు తేలవు. టామాక్సిఫెన్ అనే హార్మోన్ మందు వాడుతుంటే రిసెప్టార్లని ఆ మందే ఆక్రమించి, ఉన్నవి లేనట్టు చూపిస్తుంది. ఆపాక 8 వారాలు ఆగాలి. అలాంటిదే ఇంకో మందు ఫుల్వెస్ట్రాంట్ అయితే 28 వారాలు. ఫ్లోరిన్ 110 నిమిషాలకోసారి సగమవుతుంది గనుక, దాన్ని తయారుచేసే సైక్లోట్రాన్ యంత్రం దగ్గర్నుంచి కోనసీమకి నాలుగు గంటలు పడితే పావు వంతు కూడా మిగలదు.

కాబట్టి నీ శ్రద్ధంతా ముక్క మీద పెట్టు. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ 14 గేజ్ సూదితో కనీసం నాలుగు ముక్కలు తీయించు. ఎఫ్‌ఎన్‌ఏసీతో ఊరుకోవద్దు, అది సన్న సూదితో విడి కణాల్ని మాత్రమే లాగే పరీక్ష, గడ్డ పాలనాళం దాటిందో లేదో అందులో తెలియదు. ముక్కల్ని వెంటనే కణాలు పాడవకుండా కాపాడే ద్రవంలో, అంటే 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో వేయాలి, ముక్కకి పదింతల ద్రవం ఉండాలి. సెలైన్‌లోనో స్పిరిట్‌లోనో వేస్తే రిసెప్టార్లు ఉన్నా ల్యాబ్ పరీక్షలో వాటికి రంగు పట్టకపోవచ్చు. ఫార్మలిన్‌లో 6 గంటలకి తక్కువ కాకూడదు, 72 గంటలు దాటకూడదు. భోగి ముందురోజు ముక్క తీసి కాకినాడ పంపితే, ల్యాబ్ కనుమ దాటాక తెరిచేసరికి గడువు అయిపోతుంది. పండక్కి ముందు తీయించకు. సీసా మీద తీసిన టైమూ, ఫార్మలిన్‌లో వేసిన టైమూ రెండూ రాయించు. తర్వాత ఆపరేషన్‌లో తీసిన గడ్డనీ గంటలోపే 5 మిల్లీమీటర్ల పొరలుగా కోసి ఫార్మలిన్‌లో ఉంచాలి. కోయని గడ్డ మధ్యకి ఫార్మలిన్ చేరేలోపు లోపలి కణాలు పాడవుతాయి.

రిపోర్టులో 1 శాతం కణాలకి రంగు పట్టినా ఈస్ట్రోజన్ రిసెప్టార్ పాజిటివే. 1 నుంచి 10 దాకా లో పాజిటివ్ అంటారు. నెగటివ్ అని వస్తే మాత్రం అలాగే నమ్మేయకు. అదే స్లైడులో పక్కనున్న మామూలు పాలనాళాలకి రంగు పట్టిందా అని అడుగు. వాటికీ పట్టకపోతే తప్పు పరీక్షది. గ్రేడ్ 1, అంటే నెమ్మదిగా పెరిగే రకం గడ్డకి నెగటివ్ రావడం చాలా అరుదు, వస్తే ఆపరేషన్ ముక్క మీద మళ్ళీ చేయించాలి. అయిదేళ్ళకి తక్కువ కాకుండా వాడాల్సిన హార్మోన్ బిళ్ళ ఇస్తారా లేదా అన్నది ఈ ఒక్క గీత మీదే ఉంది.

రిపోర్టుతో పాటు స్లైడులూ, ముక్కల్ని మైనంలో పోతపోసిన పారఫిన్ బ్లాకులూ అడిగి తీసుకో. వాటిని ఎండ తగలకుండా దాచి, నా దగ్గరికి పంపు.

నాన్న