ఫోన్ తీశాక స్విచ్ కూడా కట్టేయండి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈసారి యూనిట్ పరీక్షల గురించి రాద్దామనుకున్నాను. మూడో తరగతి బాబు ఒకడు చెప్పిన మాట విన్నాక అది పక్కన పెట్టేశాను. కరెంటు గురించి టీచర్ పాఠం చెబుతుంటే వాడు లేచి, "మా చెల్లి ఛార్జర్ వైరు నోట్లో పెట్టుకుని చప్పరిస్తుంది టీచర్" అన్నాడట. ఫోన్ తీశాక మీ ఇంట్లో స్విచ్ కూడా కట్టేస్తారా అని టీచర్ మిగతా పిల్లల్ని అడిగితే నాలుగైదు చేతులే లేచాయి.

2023 ఆగస్టులో కర్ణాటకలోని కార్వార్ దగ్గర 8 నెలల పాప ఇలాగే చనిపోయింది. ఇంట్లోవాళ్లు ఫోన్ తీసుకున్నారు కానీ స్విచ్ కట్టలేదు. వేలాడుతున్న పిన్ను పాప నోట్లో పెట్టుకుంది. పాకే వయసు పిల్లలకు ఏది దొరికినా నోట్లోకే వెళుతుందని మనందరికీ తెలుసు. మీలో చాలామంది ఇళ్లలో మన బడి పిల్లలతో పాటు అలాంటి చిన్నవాళ్లు కూడా ఉన్నారు.

"ఛార్జర్‌లోంచి వచ్చేది 5 వోల్టులే కదా మేడమ్, దానితో ప్రాణం పోతుందా?" అని ఒక తండ్రి నన్ను అడిగారు. మంచి ప్రశ్న. గోడ సాకెట్‌లో 230 వోల్టుల కరెంటు ఉంటుంది. దాన్ని తగ్గించి ఫోన్‌కు ఇవ్వడం ఛార్జర్ పని. లోపల ఈ రెండు వైపులూ ఒకదానికొకటి తగలకుండా మధ్యలో అడ్డు ఉంటుంది. మంచి ఛార్జర్‌లో ఆ అడ్డు గట్టిగా ఉంటుంది. ఫుట్‌పాత్ మీద వంద రూపాయలకు దొరికే వాటిలో ఖర్చు మిగుల్చుకునేది చాలాసార్లు అక్కడే. ఆ అడ్డు దెబ్బతిన్న రోజు 230 వోల్టులు నేరుగా పిన్ను దాకా వచ్చేస్తాయి. పైకి చూస్తే ఏ తేడా తెలియదు. పొడి చేతికంటే తడి నోట్లోంచి కరెంటు చాలా తేలిగ్గా పోతుంది. అందుకే పసిపిల్లలకు ప్రమాదం ఎక్కువ.

కొత్త ఛార్జర్ కొనేటప్పుడు దాని మీద బి.ఐ.ఎస్. (వస్తువుల నాణ్యతకు ప్రమాణాలు పెట్టే ప్రభుత్వ సంస్థ) గుర్తు, 'ఆర్' అక్షరం, దాని పక్కన 8 అంకెలు ఉన్నాయేమో చూడండి. గుర్తు ముద్రించడం ఎవరికైనా చేతనవుతుంది కాబట్టి అంతటితో ఆగకండి. బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఏ కంపెనీ పేరు మీద ఉందో చూపిస్తుంది. పై తొక్క ఊడి లోపలి తీగలు కనిపిస్తున్న కేబుల్‌కు టేపు చుట్టి వాడకండి. డబ్బు ఇబ్బంది నాకు తెలియనిది కాదు. అయినా ఈ ఒక్క విషయంలో మాత్రం పొదుపు వద్దని బతిమాలుతున్నాను.

ఇందులో బడి తప్పు కూడా ఉంది. హోంవర్క్ రాత్రి ఎనిమిదింటికో తొమ్మిదింటికో వాట్సాప్‌లో పంపుతున్నాం. ఆ వేళకు ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయి ఉంటుంది. పిల్లలు ప్లగ్గు పక్కనే నేల మీద కూర్చుని, వైరు తగిలించి ఉన్న ఫోన్ చేత్తో పట్టుకుని రాసుకుంటున్నారు. వచ్చే సోమవారం నుంచి హోంవర్క్ అంతా చివరి పీరియడ్‌లోనే డైరీలో రాయిస్తాం. ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్‌ను పిల్లల చేతికివ్వకుండా మీరు చూడండి.

రాత్రి దిండు కింద, పరుపు మీద పెట్టి ఛార్జ్ చేయడం కూడా మానాలి. ఛార్జ్ అయ్యేటప్పుడు ఫోన్ వేడెక్కుతుంది. దుప్పటి కింద ఆ వేడి బయటికి పోయే దారి ఉండదు. లిథియం బ్యాటరీ బాగా వేడెక్కితే లోపల తనంతట తానే ఇంకా వేడి పుట్టించుకుంటూ పోతుంది, మంట అంటుకుంటే ఆపడం కష్టం. గట్టి బల్ల మీదో గూట్లోనో పెట్టండి. వెనక మూత ఉబ్బి పైకి లేచిన ఫోన్ అయితే ఛార్జింగే పెట్టొద్దు. నొక్కి సరిచేయాలని చూడకుండా సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి.

ఇల్లు మీదైనా అద్దెదైనా, మెయిన్ బోర్డులో ఆర్.సి.సి.బి. అనే, షాక్ నుంచి కాపాడే స్విచ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ను అడగండి. చాలామంది ఎం.సి.బి. (తీగల్లో కరెంటు మరీ ఎక్కువైతే పడిపోయే స్విచ్) ఉంటే చాలనుకుంటారు. అది వైర్లను కాపాడుతుంది. మనిషి ఒంట్లోంచి కరెంటు భూమిలోకి పోతుంటే పసిగట్టి, క్షణంలో సప్లై ఆపేది ఆర్.సి.సి.బి.నే. ఇళ్లకు 30 మిల్లీ ఆంపియర్లది పెట్టించుకోవాలి. దాని మీద 'టి' అని ఒక బటన్ ఉంటుంది. అప్పుడప్పుడు అది నొక్కి చూడండి. కరెంటు పోతే అది పనిచేస్తున్నట్టే.

ఎవరికైనా షాక్ కొడితే కన్నబిడ్డైనా సరే వెంటనే ముట్టుకోకండి. ఇది ఎంత కష్టమో నాకు తెలుసు, నేనూ తల్లినే. ముందు మెయిన్ కట్టేయండి. వీలు కాకపోతే పొడి చెక్క మీద నిలబడి, పొడి కర్రతో వైరును పక్కకు నెట్టండి. ఆ తర్వాత 108కి ఫోన్ చేయండి. పైకి బాగానే కనిపించినా డాక్టరుకు చూపించాలి. మంట లేస్తే, కరెంటు ఉన్నంతవరకు నీళ్లు పోయకండి. మెయిన్ కట్టేసి, పిల్లల్ని బయటికి తెచ్చి 101కి చెప్పండి.

ఈ శనివారం తల్లిదండ్రుల సమావేశానికి మన బడి ఎలక్ట్రీషియన్ కూడా వస్తారు. మీ ఇంట్లో వాడే ఛార్జర్లు సంచిలో వేసుకుని తీసుకురండి. నంబర్లు ఎలా చూడాలో టీచర్లు పక్కన కూర్చుని చూపిస్తారు. బోర్డు విషయాలు ఎలక్ట్రీషియన్‌నే అడగవచ్చు. పనికి వెళ్లి రాలేనివాళ్లు పిల్లల చేత ఛార్జర్ పంపవద్దు, సాయంత్రం ఆరింటి దాకా నేను ఆఫీసులోనే ఉంటాను.

మీ
ప్రధానోపాధ్యాయురాలు