పీఆర్పీ సైన్సు, తేనె నాటు వైద్యమా?

ఎడిటర్ గారికి,

కాలిన గాయాలకు పీఆర్పీ (ప్లేట్‌లెట్ రిచ్ ప్లాస్మా) చికిత్స మీద మీరు వేసిన కథనం చదివాను. సొంత రక్తం నుంచి తీసిన మందంటే సైన్సు, తేనె, కలబంద అంటే అమ్మమ్మల కాలం నాటు వైద్యం అన్నట్టుంది అందులో. బర్న్స్ వార్డులో పనిచేసే నర్సుని. ఈ గాయాల వరకు వ్యవహారం దాదాపు తలకిందులుగా ఉంది.

మహారాష్ట్రలో పనిచేసిన సర్జన్ ఎం. సుబ్రహ్మణ్యం గారు 104 మంది పేషెంట్లలో తేనెను సిల్వర్ సల్ఫాడయజిన్‌తో (మన వార్డుల్లో ఇప్పటికీ పూసే తెల్ల క్రీము అదే) పోల్చి చూసి, తేనె పెట్టిన గాయాలే ముందు మానాయని 1991లోనే రాశారు. 2015 నాటి కోక్రేన్ సమీక్ష (ఒక చికిత్స మీద జరిగిన పరీక్షలన్నీ కలిపి తూచి చూసేది) కూడా పైపైన కాలిన గాయాలు మామూలు డ్రెస్సింగుల కంటే తేనెతో నాలుగైదు రోజులు ముందే మానుతున్నాయంది. కాకపోతే ఆ పరీక్షల్లో చాలా భాగం ఒకే సెంటర్ నుంచి వచ్చినవి, అది కూడా చెప్పాలి కదా.

ఇక పీఆర్పీ. పేషెంటు రక్తమే కొంచెం తీసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగాన్ని గాయం మీద వేస్తారు, వాటినుంచి వచ్చే గ్రోత్ ఫ్యాక్టర్లు కొత్త కణాలు పెరగడానికి సాయం చేస్తాయని ఆశ. ఆలోచన మంచిదే. కానీ 2016లో నెదర్లాండ్స్ డాక్టర్లు లోతుగా కాలినవాళ్ళలో, ఒకే మనిషి ఒంటి మీద ఒక గ్రాఫ్టుకి (ఒంట్లో ఇంకోచోట నుంచి తీసి గాయం మీద అతికించే చర్మానికి) పీఆర్పీ వేసి ఇంకోదానికి వేయకుండా పోల్చి చూస్తే చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించలేదు. పైగా ఒళ్ళు బాగా కాలిన మనిషికి మొదటి రోజుల్లో ప్లేట్‌లెట్లే పడిపోతాయి, ఇంక తీసేది ఏముంటుంది? ఎలుకల్లో అద్భుతంగా పనిచేసింది అంటారు. ఎలుక చర్మం వదులుగా ఉంటుంది, గాయం అంచులు దగ్గరికి లాక్కుని మూసుకుపోతుంది, మన చర్మం అలా కాదు.

అసలు మీ కథనంలో ఎక్కడా రాని మాట, గాయం లోతు. పైపైన కాలితే వెంట్రుకల కుదుళ్ళు, చెమట గ్రంథుల దగ్గర కణాలు బతికే ఉంటాయి, అక్కడి నుంచే కొత్త చర్మం వస్తుంది, గాయం తడారకుండా, చీము పట్టకుండా చూసుకుంటే చాలా వరకు తనంతట తానే మానుతుంది. అవి కూడా కాలిపోయాక తేనె పోసినా, ప్లాస్మా పోసినా చర్మం రాదు, గ్రాఫ్టింగ్ చేయాల్సిందే. ఇది తెలియక వేలకు వేలు పోసి పీఆర్పీ సిట్టింగులు చేయించుకుని, గాయం పాడైపోయాక పెద్దాసుపత్రికి వచ్చేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

అలాగని ఇంట్లో తేనె సీసా మూత తీయొద్దు. డ్రెస్సింగుకి వాడే తేనెను గామా కిరణాలతో స్టెరిలైజ్ చేస్తారు, వంటింటి తేనెలో బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు. పసుపు, సిరా, టూత్‌పేస్టు పూసుకొస్తే ముందు అవి కడగడానికే మాకు టైమంతా పోతుంది, పేషెంటు అరుపులు వేరే. కాలిన వెంటనే చేయాల్సింది ఒక్కటే, కుళాయి కింద 20 నిమిషాలు మామూలు చల్లని నీళ్ళు పారనివ్వడం. ఐస్ వద్దు.

దీపావళి ముందు రోజు ఈ కుళాయి నీళ్ళ సంగతి మొదటి పేజీలో వేయండి. పీఆర్పీ మీద మళ్ళీ రాస్తే ఎంత లోతు గాయానికి, ఎన్ని సిట్టింగులు, ఎంత ఖర్చు అనేది ఆ డాక్టర్‌ని అడిగి మరీ రాయండి.

— ఒక స్టాఫ్ నర్సు, కాకినాడ