పేరు కోసం కొట్లాట సరే, పేపర్ల మాటేమిటి?

సంపాదకుల గారికి,

విజయవాడ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ నుంచి పరిశోధన పేపర్లు తక్కువ, వాటిని ఇతరులు ఉదహరించడం (సైటేషన్లు) ఇంకా తక్కువ అని పోయిన వారం మీరు వేసిన వార్త చదివాను. కొత్తగా ఆశ్చర్యపోవడానికేముంది? 1986లో పుట్టిన యూనివర్సిటీకి 2022లో వైఎస్సార్ పేరు పెట్టారు, 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరు తెచ్చారు. బోర్డులు మారాయి, లెటర్‌హెడ్లు మారాయి, చర్చల్లో గొంతులు చించుకున్నారు. ఆ పేరుతో ఏటా ఎన్ని పేపర్లు వస్తున్నాయి, వాటిని బయటివాళ్లెవరైనా ఉదహరిస్తున్నారా అని అడిగిన నాయకుణ్ణి మాత్రం నేను చూడలేదు. పైగా పేరు మారినప్పుడల్లా ఉన్న నాలుగు పేపర్లూ, పరిశోధనల జాబితాలుండే డేటాబేసుల్లో తలో పేరు కిందా చేరతాయి. ఇక లెక్క తేలినట్టే!

డబ్బు లేదంటే నమ్మను. 2021లో అదే యూనివర్సిటీ నిధులు 400 కోట్లు ప్రభుత్వ కార్పొరేషన్‌కు మళ్లిస్తే ఉద్యోగులు రోడ్డెక్కిన సంగతి అందరికీ తెలుసు.

నేను పనిచేసిన మెడికల్ కాలేజీ లైబ్రరీలో పీజీల థీసిస్‌ల కోసం విడిగా బీరువాలుండేవి. నల్ల రెక్సిన్ అట్ట, మీద బంగారు అక్షరాలు. లోపల మన జిల్లా రోగుల షుగరు, బీపీ, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ లెక్కలు. ఆ సమాచారం ఇంకెక్కడా దొరకదు. గడువు దగ్గరపడితే జూనియర్లు వచ్చి ఫోన్లలో ఫొటోలు తీసుకునేవారు, చదవడానికి కాదు, ఫార్మాట్ కోసం. పాత థీసిస్‌లోని అచ్చుతప్పులు కొత్తదాంట్లోకి యథాతథంగా దిగడం నా కళ్లతో చూశాను. సంతకం పెట్టిన గైడ్లు చూడలేదు కాబోలు.

ఒక్క మన దగ్గరే అనను. 2005 నుంచి 2014 దాకా దేశంలోని 579 వైద్య సంస్థల్లో 332 ఒక్క పేపరూ ప్రచురించలేదని ఢిల్లీ గంగారాం ఆస్పత్రి డాక్టర్ సమీరన్ నంది బృందం 2016లోనే తేల్చింది. మెడికల్ కాలేజీ అధ్యాపకుల ప్రమోషన్‌కు పేపర్లు తప్పనిసరి చేస్తే, డబ్బు కడితే చాలు అచ్చేసే జర్నళ్లకు పండగైంది. మన హైదరాబాద్‌ నుంచే అలాంటి జర్నళ్లు నడిపే ఓమిక్స్ సంస్థను, పరిశోధకుల్ని మోసగించినందుకు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని 2019లో అమెరికా కోర్టు ఆదేశించింది. ప్రపంచానికి మనం తెలిసింది ఇలా!

భీమవరంలో పుట్టిన బయోకెమిస్ట్ యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో హార్వర్డ్ శాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి మీద రాసిన పేపరును వేలాదిమంది ఉదహరించారు. ఆయన జయంతికి దండలు వేసేవాళ్లలో ఎంతమంది ఆ పేపరు తెరిచి చూశారో!

ఇటు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జనం కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. 2023లో పలాసలో పరిశోధన కేంద్రం, ఆస్పత్రి ప్రారంభించారు, సంతోషం. అక్కడ ఏం కనుక్కున్నారో జనానికి చెప్పేదెవరు? ఏ కాలేజీ నుంచి ఏ పేపరు, ఏ జర్నల్లో వచ్చిందో ఏటా ఒక జాబితా బయటపెట్టమని యూనివర్సిటీని అడగండి. పరీక్ష ఫీజుల నోటిఫికేషన్ పెట్టినంత తేలిగ్గా పెట్టొచ్చు.

– విశ్రాంత లైబ్రేరియన్, గుంటూరు